రాబర్ట్ వీవర్: అమెరికా నగరాలు ఫెడరల్ నిధుల కోసం ‘ప్లాన్’ ఎందుకు రాస్తాయి? ఆ కథలో ఈయన పాత్ర ఏంటి?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు తమ సిటీ నుంచి అప్పుడప్పుడు ఒక నోటీసు వస్తుంటుంది. ‘కన్సాలిడేటెడ్ ప్లాన్’ ముసాయిదా సిద్ధమైందని, పబ్లిక్ హియరింగ్ ఉందని, 30 రోజుల్లోగా అభిప్రాయం చెప్పొచ్చని అందులో ఉంటుంది. చాలామంది దాన్ని తెరవకుండానే డిలీట్ చేస్తారు.

కానీ ఆ నగరంలో ఎవరి వీధికి డ్రైనేజీ వస్తుంది, ఏ పాత ఇంటికి రిపేరు డబ్బులు అందుతాయి, రోడ్డున పడ్డ కుటుంబానికి షెల్టర్ దొరుకుతుందా లేదా అన్నవి చాలా వరకు ఆ కాగితం మీదే తేలతాయి. ప్లాన్ రాయని నగరానికి ఫెడరల్ ప్రభుత్వం ఈ గ్రాంట్లు ఇవ్వదు.

ముందు ప్లాన్, తర్వాతే పైసలు. ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు. దాదాపు 60 ఏళ్ల పాటు తప్పులు చేస్తూ, సరిదిద్దుకుంటూ తయారైంది. ఆ దారిలో ఎక్కువ దూరం నడిచిన మనిషి రాబర్ట్ సి. వీవర్. అమెరికా కేబినెట్‌లో చోటు దక్కిన తొలి నల్లజాతీయుడు. గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ ‘హడ్’కు తొలి మంత్రి.

ఆయన జీవితం తెలిస్తే, ఆ నోటీసులో ఉండే ప్రతి నిబంధన ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

ఎవరీ వీవర్?

వీవర్ 1907 డిసెంబర్ 29న వాషింగ్టన్ డీసీలో పుట్టారు. తండ్రి తపాలా శాఖలో గుమస్తా. తల్లి తరఫు తాత రాబర్ట్ టానర్ ఫ్రీమన్ 1869లోనే హార్వర్డ్ నుంచి డెంటిస్ట్రీ పట్టా అందుకున్నారు. చదువున్న కుటుంబమే. అయినా అప్పటి వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లలకు బడులు వేరు. వీవర్ నల్లజాతి విద్యార్థుల డన్‌బార్ హైస్కూల్‌లో చదివారు.

హైస్కూల్ రోజుల్లోనే ఆయన ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నారు. పని వచ్చు, కానీ యూనియన్‌లో చేరడానికి రంగు అడ్డొచ్చింది. యూనియన్ కార్డు లేకపోతే మంచి పనులు దొరకవు. చేతిలో నైపుణ్యం ఉన్నా పని దొరకని పరిస్థితి ఎలా ఉంటుందో ఆయనకు అలా చిన్న వయసులోనే తెలిసింది.

తర్వాత హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివారు. 1929లో డిగ్రీ, 1934లో డాక్టరేట్ వచ్చాయి. మధ్యలో 1933లోనే ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. అప్పుడు అమెరికా మహామాంద్యంలో ఉంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ‘న్యూ డీల్’ పేరుతో వేల కోట్ల డాలర్ల పనులు మొదలుపెట్టారు. ఆ డబ్బు నల్లజాతీయుల దాకా చేరుతోందా లేదా చూడటానికి ఇంటీరియర్ శాఖ మంత్రి హెరాల్డ్ ఇకెస్ దగ్గర వీవర్ సలహాదారుగా చేరారు. రూజ్‌వెల్ట్ హయాంలో వేర్వేరు శాఖల్లో పనిచేసిన ఇలాంటి అధికారుల బృందానికి ‘బ్లాక్ కేబినెట్’ అని పేరొచ్చింది. అందులో వీవర్ ఒకరు.

వివక్షను లెక్కతో పట్టుకున్న నిబంధన

ఫెడరల్ డబ్బుతో కట్టే ఇళ్ల కాంట్రాక్టుల్లో వివక్ష చూపకూడదన్న ఆదేశం అప్పటికే ఉంది. కానీ అది కాగితానికే పరిమితమైంది. కాంట్రాక్టర్‌ను అడిగితే, పని తెలిసిన నల్లజాతి కార్మికులు దొరకలేదని చెప్పేవాడు. అది అబద్ధమని నిరూపించడం ఎలా?

వీవర్, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. 1930 జనాభా లెక్కల్లో ఏ నగరంలో ఎంతమంది నల్లజాతి మేస్త్రీలు, వడ్రంగులు, ఇతర నిపుణులు ఉన్నారో వివరాలున్నాయి. ఆ లెక్కను బట్టి ఒక కనీస శాతం నిర్ణయించారు. కాంట్రాక్టర్ నిపుణులకు చెల్లించే మొత్తం కూలీలో కనీసం అంత శాతం నల్లజాతి కార్మికులకు అందాలి.

ఉదాహరణకు ఒక నగరంలో భవన నిపుణుల్లో 10 శాతం మంది నల్లజాతీయులు అనుకుందాం. కూలీ పట్టీలో వాళ్ల వాటా ఆ లెక్కకు తగ్గట్టుగా పెట్టిన శాతం కంటే తక్కువగా ఉంటే, దాన్నే వివక్షకు ప్రాథమిక సాక్ష్యంగా చూస్తారు. అలా జరగలేదని చూపించాల్సిన బాధ్యత ఇక కాంట్రాక్టర్‌దే.

చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, దీనితో మూడు పనులు జరిగాయి. షరతు కాంట్రాక్టులోకి ఎక్కింది. ఆ షరతుకు ఒక అంకె వచ్చింది. ఆ అంకెను ఎవరైనా కూలీ పట్టీ తీసి సరిచూసే వీలు కలిగింది. ఇప్పుడు అమెరికా నగరాలు రాసే ప్లాన్లలోనూ ఈ మూడే కనిపిస్తాయి.

ఫెడరల్ డబ్బే గోడలు కట్టింది

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వీవర్ కార్మిక వ్యవహారాల సంస్థల్లో పనిచేశారు. 1944లో ప్రభుత్వం వదిలి షికాగో వెళ్లారు. అక్కడ ఆయనకు నగరాల అసలు స్వరూపం కనిపించింది.

దక్షిణాది నుంచి లక్షలమంది నల్లజాతీయులు పనుల కోసం ఉత్తరాది నగరాలకు వచ్చారు. కానీ వాళ్లు ఉండగలిగే వాడలు కొన్నే. మిగతా వీధుల్లో ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లజాతీయులకు అమ్మకూడదన్న ఒప్పందాలు ఉండేవి. ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి ఒప్పందాలను ప్రోత్సహించింది. తెల్లవాళ్ల శివారు కాలనీలకు హామీ సులువుగా దొరికేది. నల్లవాళ్ల వాడకు దొరికేది కాదు.

1948లో వీవర్ రాసిన ‘ది నీగ్రో ఘెట్టో’ పుస్తకం ఈ విషయాన్నే వివరించింది. మురికివాడలు వాటంతట అవే పుట్టలేదని, రుణాలు, దస్తావేజులు, ప్రభుత్వ నిర్ణయాలు కలిసి వాటిని తయారుచేశాయని ఆయన వాదన. అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తీర్పు ఇచ్చింది కూడా అదే ఏడాది.

షరతులు లేకుండా ఇచ్చిన ప్రభుత్వ డబ్బు అప్పటికే బలంగా ఉన్నవాళ్లు గీసిన గీతల వెంబడే పారుతుంది. వీవర్‌ ఆ తర్వాత చేసిన పనంతా ఈ అవగాహన మీదే నడిచింది.

1955లో న్యూయార్క్ గవర్నర్ ఆవరెల్ హారిమన్ ఆయన్ను రాష్ట్ర అద్దెల కమిషనర్‌గా నియమించారు. న్యూయార్క్ రాష్ట్ర కేబినెట్‌లో ఆయనే తొలి నల్లజాతీయుడు. లక్షలాది కిరాయిదార్ల అద్దె ఎంత పెరగాలో తేల్చే పదవి అది. 1960లో న్యూయార్క్ నగర గృహనిర్మాణ, పునరభివృద్ధి బోర్డులో బాధ్యతలు తీసుకున్నారు. అదే సమయంలో పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ బోర్డు చైర్మన్‌గానూ ఉన్నారు.

‘ప్లాన్ ఉంటేనే డబ్బు’ ఎప్పుడు మొదలైంది?

నగరాలకు ఫెడరల్ డబ్బు పెద్దఎత్తున రావడం 1949 గృహనిర్మాణ చట్టంతో మొదలైంది. దాని కింద వచ్చిందే ‘అర్బన్ రెన్యువల్’. నగరం ఒక పాత వాడను కొని, కూల్చి, ఆ భూమిని కొత్త నిర్మాణాలకు ఇవ్వొచ్చు. అందులో వచ్చే నికర నష్టంలో మూడింట రెండు వంతులు ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది.

1954లో దీనికి ఒక షరతు చేర్చారు. డబ్బు కావాలంటే నగరం ‘వర్కబుల్ ప్రోగ్రామ్’ అనే పత్రం సమర్పించాలి. నిర్మాణ నిబంధనలు, నగర మాస్టర్ ప్లాన్, వాడల స్థితిగతుల పరిశీలన, అమలు చేసే యంత్రాంగం, నిధుల ఏర్పాటు, ఇళ్లు కోల్పోయేవారికి పునరావాసం, పౌరుల భాగస్వామ్యం. ఈ ఏడు అంశాలూ అందులో ఉండాలి.

కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. చాలా నగరాల్లో పౌరుల భాగస్వామ్యం అంటే ఊరి పెద్దమనుషులతో ఒక కమిటీ వేయడమే అయింది. కూలుతున్న ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ కమిటీలో ఉండేవారు కాదు. పునరావాసం అధ్యాయం రాసినంత శ్రద్ధగా అమలు కాలేదు. ఇళ్లు పోయినవాళ్లలో నల్లజాతీయుల వాటా వారి జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ. మురికివాడల తొలగింపు పేరుతో నల్లవాళ్లను తొలగిస్తున్నారన్న విమర్శ దేశమంతా వినిపించింది.

వీవర్ పదవిలో ఉండగా ఏం జరిగింది?

1961లో అధ్యక్షుడు జాన్ కెన్నెడీ వీవర్‌ను ‘హౌసింగ్ అండ్ హోమ్ ఫైనాన్స్ ఏజెన్సీ’కి అధిపతిని చేశారు. అప్పటివరకు ఏ నల్లజాతీయుడికీ ఫెడరల్ ప్రభుత్వ యంత్రాంగంలో అంత పెద్ద పదవి దక్కలేదు. సెనెట్‌లో దక్షిణాది సభ్యులు ఆయన్ను గట్టిగానే నిలదీశారు. అయినా నియామకం ఖరారైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రుణాల్లో వివక్ష చూపుతోందని పుస్తకంలో తప్పుపట్టిన సంస్థ ఇప్పుడు ఆయన కిందే పనిచేస్తోంది. పేదల వాడలను కూలుస్తున్న అర్బన్ రెన్యువల్ విభాగమూ ఆయన కిందే ఉంది.

వీవర్ దాన్ని రద్దు చేయలేదు. ఆ అధికారం ఆయనకు లేదు, అలా చేయాలని ఆయన అనుకోలేదు కూడా. నగరాలకు వస్తున్న డబ్బు ఆగితే పేదలకు ఇంకా నష్టమని ఆయన నమ్మకం. కూల్చివేతల బదులు ఇళ్ల మరమ్మతులకు, ఖాళీ చేసినవారి పునరావాసానికి ప్రాధాన్యం పెంచేందుకు ప్రయత్నించారు. మార్పు నెమ్మదిగా వచ్చింది. ఆ లోపు కూలిన వాడలు కూలిపోయాయి. ఆయన జాగ్రత్త మనిషి అని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. మరీ ఎక్కువ జాగ్రత్త అని విమర్శించినవాళ్లూ ఉన్నారు.

1962 నవంబర్‌లో కెన్నెడీ ఫెడరల్ సాయంతో కట్టే ఇళ్లలో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. కానీ అది ప్రధానంగా కొత్త ఇళ్లకే పరిమితమైంది. అప్పటికే కట్టేసిన కాలనీల జోలికి పెద్దగా పోలేదు.

రంగు వల్ల ఆగిపోయిన శాఖ

నగరాల కోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టాలని కెన్నెడీ అనుకున్నారు. దానికి వీవరే మంత్రి అవుతారని అందరికీ తెలిసిపోయింది. 1962 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఆ ప్రతిపాదనను 264-150 ఓట్లతో తిరస్కరించింది. పెద్ద నగరాలకు అధికారం పెరుగుతుందన్న గ్రామీణ ప్రాంత సభ్యుల అనుమానం ఒక కారణం. నల్లజాతీయుడు కేబినెట్‌లో కూర్చోవడం దక్షిణాది సభ్యులకు ఇష్టం లేకపోవడం ఇంకో కారణం.

కెన్నెడీ తర్వాత వచ్చిన లిండన్ జాన్సన్ ఆ పని పూర్తిచేశారు. 1965 సెప్టెంబర్ 9న ‘హడ్’ ఏర్పాటు చట్టంపై సంతకం పెట్టారు. అయితే మంత్రి పేరు చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు తీసుకున్నారు. వేరే పేర్లు పరిశీలించారు. ఆ నాలుగు నెలలూ వీవర్ తన ఏజెన్సీ నడుపుతూ ఎదురుచూశారు. చివరకు 1966 జనవరిలో ఆయన పేరే ప్రకటించారు. సెనెట్ జనవరి 17న ఆమోదించింది. మర్నాడు ఆయన ప్రమాణ స్వీకారం చేశారు.

మోడల్ సిటీస్: నేటి ప్లాన్‌కు తాత

మంత్రిగా వీవర్ చేపట్టిన పెద్ద కార్యక్రమం ‘మోడల్ సిటీస్’. 1966 నవంబర్‌లో చట్టం వచ్చింది. ఆలోచన కొత్తది. బడికి ఒక శాఖ, ఇంటికి ఇంకో శాఖ, ఆసుపత్రికి మరో శాఖ డబ్బు ఇస్తే వాడ బాగుపడదు. నగరం ఒక వెనుకబడిన ప్రాంతాన్ని ఎంచుకోవాలి. అక్కడి సమస్యలన్నీ కలిపి ఒకే ప్లాన్ రాయాలి.

డబ్బు రెండు దశల్లో వచ్చేది. ముందు ప్లాన్ తయారీ ఖర్చులో 80 శాతం దాకా గ్రాంటు. హడ్ ఆ ప్లాన్‌ను ఆమోదించాక అమలుకు అదనపు గ్రాంటు. ఆ ప్రాంత ప్రజల విస్తృత భాగస్వామ్యం ఉండాలని చట్టంలోనే రాశారు. 1954 నాటి కమిటీల అనుభవం తర్వాత ఈసారి ఆ వాడలోని మనుషులే బల్ల దగ్గర కూర్చోవాలన్నది ఉద్దేశం.

1967 నవంబర్‌లో తొలి విడతగా 63 నగరాలను ఎంపికచేశారు. తర్వాత ఆ సంఖ్య సుమారు 150కి చేరింది. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. జాన్సన్ ఆరేళ్లకు 230 కోట్ల డాలర్లు అడిగితే, కాంగ్రెస్ రెండేళ్లకు సుమారు 90 కోట్లు మంజూరు చేసింది. కొన్ని నగరాల్లో ప్రయోగంగా చేయాల్సింది ఓట్ల లెక్కల కోసం దేశమంతా పరిచారు. దాంతో ఒక్కో నగరానికి అందింది కొద్దిగానే. ప్లాన్‌పై చివరి మాట ఎవరిదన్న విషయంలో మేయర్లకూ వాడ ప్రజలకూ గొడవలు నడిచాయి. అప్పటికే 1967లో నెవార్క్, డెట్రాయిట్ తగలబడ్డాయి. ప్లాన్లు రాసే తీరిక జనానికి లేదు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 11న జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టంపై సంతకం చేశారు. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష చట్టవిరుద్ధమైంది. అందులో ఇంకో మాట కూడా ఉంది. హడ్ తన కార్యక్రమాలన్నీ వివక్ష లేని గృహవసతిని ముందుకు తీసుకెళ్లేలా నడపాలి. వివక్ష చూపకపోతే సరిపోదు, దాన్ని తగ్గించడానికి ప్రయత్నించాలి. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ మాట 40 ఏళ్ల తర్వాత ఒక కౌంటీని కోర్టుకు లాగింది.

అదే ఏడాది ఆగస్టులో మరో గృహనిర్మాణ చట్టం వచ్చింది. పదేళ్లలో 2.6 కోట్ల ఇళ్లు, అందులో 60 లక్షలు పేద, దిగువ మధ్యతరగతి వారికి అన్నది లక్ష్యం. ఆ ఏడాది చివరితో మంత్రిగా వీవర్ పని ముగిసింది.

1974: నగరాలకు స్వేచ్ఛ, దాంతోపాటు చిక్కు

1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం గృహనిర్మాణ సాయాన్ని ఒక్కసారిగా నిలిపేసింది. 1974 ఆగస్టులో ఫోర్డ్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. అర్బన్ రెన్యువల్, మోడల్ సిటీస్ లాంటి విడివిడి పథకాలన్నీ కలిపి ఒకే గ్రాంటు చేశారు. అదే ‘కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్’, పొట్టిగా సీడీబీజీ. డబ్బు పోటీ మీద కాదు, జనాభా, పేదరికం, ఇరుకు ఇళ్లు, పాత ఇళ్ల లాంటి లెక్కలతో కూడిన ఫార్ములా ప్రకారం వస్తుంది. ఎక్కడ ఖర్చుపెట్టాలో నగరమే తేల్చుకోవచ్చు.

బదులుగా నగరం తన ఇళ్ల అవసరాలు ఎన్నో లెక్కకట్టి ఒక ప్లాన్ ఇవ్వాలి. ఇప్పుడు ఉన్న పేదలే కాదు, పనుల కోసం ఆ ఊరికి వచ్చి స్థిరపడే అవకాశమున్న పేదల సంఖ్య కూడా అందులో చూపాలి.

కనెటికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ నగరం చుట్టూ ఉన్న కొన్ని శివారు పట్టణాలు ఆ గడిలో సున్నా వేశాయి. అంటే, మా ఊరికి పేదలెవరూ రారు అని చెప్పినట్టే. హడ్ అలాంటి దరఖాస్తులను కూడా ఆమోదించింది. దానిపై హార్ట్‌ఫర్డ్ నగరం కోర్టుకెక్కింది. 1976లో జిల్లా కోర్టు ఆ గ్రాంట్లను ఆపింది. అయితే, కేసు వేసే అర్హత హార్ట్‌ఫర్డ్‌కు లేదంటూ 1977లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది.

కేసు ఎలా ముగిసినా ఒక విషయం బయటపడింది. ప్లాన్‌లోని ఒక్క అంకెతో ఎవరు ఊళ్లోకి రావొచ్చు, ఎవరు రాకూడదు అన్నది తేల్చేయొచ్చు.

ఇప్పటి కన్సాలిడేటెడ్ ప్లాన్ ఎలా తయారవుతుంది?

1995లో హడ్ వేర్వేరు దరఖాస్తులను కలిపి ఒకే పత్రం చేసింది. అదే కన్సాలిడేటెడ్ ప్లాన్. సీడీబీజీతో పాటు అందుబాటు ధర ఇళ్లకు ఇచ్చే ‘హోమ్’, నిరాశ్రయుల కోసం ఇచ్చే ‘ఎమర్జెన్సీ సొల్యూషన్స్ గ్రాంట్’, ఎయిడ్స్ ఉన్నవారి వసతికి ఇచ్చే ‘హాప్‌వా’ నిధులు దీని మీదే వస్తాయి. మెట్రో ప్రాంతాల ప్రధాన నగరాలు, ఆ ప్రాంతాల్లో 50 వేలు దాటిన ఇతర నగరాలు, 2 లక్షలు దాటిన అర్హమైన కౌంటీలు సీడీబీజీని నేరుగా పొందుతాయి.

తయారీ స్థూలంగా ఇలా ఉంటుంది.

1. అవసరాల లెక్క: సెన్సస్ బ్యూరో సర్వే నుంచి హడ్ ప్రత్యేకంగా తీయించే గణాంకాలు దీనికి ఆధారం. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికే పోతుంటే ఆ కుటుంబంపై ‘భారం’ ఉన్నట్టు. 50 శాతం దాటితే తీవ్ర భారం. ఏ ఆదాయం వారిలో, ఏ వర్గంలో ఈ భారం ఎక్కువుందో పట్టికల్లో చూపాలి.

2. మార్కెట్ పరిస్థితి: ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, అద్దెలు ఎంత, ఇళ్ల పరిస్థితి ఏంటి, ఏవి చేజారే ప్రమాదముంది.

3. జనం మాట: అవసరాలు, ప్రాధాన్యాలు, పనితీరుపై ఏటా కనీసం రెండు పబ్లిక్ హియరింగ్‌లు పెట్టాలి. అందులో ఒకటి ముసాయిదా ప్రచురించే ముందే జరగాలి. ముసాయిదాపై అభిప్రాయాలకు కనీసం 30 రోజులు ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశం, వేటిని ఎందుకు ఒప్పుకోలేదో కారణాలతో సహా ప్లాన్‌కు జతచేయాలి. ఇంగ్లిష్ రానివారు గణనీయంగా వచ్చే చోట వారికి ఏ ఏర్పాటు చేస్తారో కూడా నగరం ముందే రాసి పెట్టాలి.

4. ప్రాధాన్యాలు, లక్ష్యాలు: మూడు నుంచి ఐదేళ్లకు వ్యూహం, ఏడాదికి ఒక యాక్షన్ ప్లాన్. ఎన్ని ఇళ్లు, ఎంతమందికి సాయం అన్నది అంకెల్లో ఉండాలి.

5. హామీ పత్రాలు: వివక్ష లేని గృహవసతిని ముందుకు తీసుకెళ్తామని కూడా ఇందులో సంతకం చేయాలి. 1968 చట్టంలోని మాట ఇదే.

ప్రోగ్రామ్ ఏడాది మొదలవడానికి సాధారణంగా 45 రోజుల ముందు ప్లాన్ హడ్‌కు చేరాలి. హడ్ 45 రోజుల్లో తిరస్కరించకపోతే ఆమోదం పొందినట్టే. ఏడాది ముగిశాక 90 రోజుల్లో పనితీరు నివేదిక ఇవ్వాలి. దానిపైనా జనానికి కనీసం 15 రోజుల గడువుంటుంది.

ఖర్చుకూ హద్దులున్నాయి. సీడీబీజీలో కనీసం 70 శాతం తక్కువ, ఓ మోస్తరు ఆదాయం వారికే ఉపయోగపడాలి. అంటే ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటనివారు. ట్యూషన్లు, వృద్ధుల సేవల లాంటి పబ్లిక్ సర్వీసులకు మామూలుగా 15 శాతం మించకూడదు. ప్లానింగ్, ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించకూడదు.

సంతకం చేసి మర్చిపోతే?

న్యూయార్క్ పక్కనే ఉన్న వెస్ట్‌చెస్టర్ కౌంటీ 2000 నుంచి 2006 వరకు ఈ హామీ పత్రంపై సంతకాలు చేసి 5 కోట్ల డాలర్లకు పైగా నిధులు తీసుకుంది. జాతి వివక్ష వల్ల ఇళ్లు దొరకడంలో ఉన్న అడ్డంకులను మాత్రం పరిశీలించలేదు. ఒక సంస్థ కేసు వేసింది. కౌంటీ ఇచ్చిన హామీలు అబద్ధమని 2009 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో 6.25 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. నల్లజాతీయులు, హిస్పానిక్‌లు తక్కువగా ఉన్న ఊళ్లలో 750 అందుబాటు ధర ఇళ్లు కట్టించాల్సి వచ్చింది.

ఈ హామీని ఎలా పరిశీలించాలన్న నిబంధనలు మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి. 2015లో కఠినం చేశారు, 2020లో ఎత్తేశారు, ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. 1933లో వీవర్‌కు ఎదురైన ప్రశ్న ఇప్పటికీ ఉంది. షరతు రాయడం ఒక ఎత్తు, దాన్ని సరిచూసే అంకె, సరిచూసే మనిషి ఉండటం మరో ఎత్తు.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

ఉంది. 2005 డిసెంబర్‌లో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద కేంద్రం నిధులు కావాలంటే నగరాలు ‘సిటీ డెవలప్‌మెంట్ ప్లాన్’ ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ అలా రాసినవే. 2015లో వచ్చిన పీఎం ఆవాస్ యోజన అర్బన్‌లోనూ ముందు డిమాండ్ సర్వే, దాని ఆధారంగా కార్యాచరణ ప్రణాళిక అడిగారు. ఏ దేశంలోనైనా ప్లాన్‌లో లెక్కకు రానివాడికి ఇల్లు కూడా రాదు. సర్వే రోజున ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరి గుడిసె జాబితాలోకి ఎక్కింది అన్నది అందుకే ముఖ్యం.

వీవర్ చివరి రోజులు

మంత్రి పదవి తర్వాత వీవర్ న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీకి అధ్యక్షుడయ్యారు. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. తర్వాత 1978 వరకు హంటర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరినప్పుడు దాన్ని గట్టెక్కించడానికి ఏర్పడిన మున్సిపల్ అసిస్టెన్స్ కార్పొరేషన్ బోర్డులోనూ పనిచేశారు. 1997 జులై 17న, 89 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

వాషింగ్టన్‌లో హడ్ ప్రధాన కార్యాలయం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే, 1968లో ప్రారంభమైంది. 2000లో ఆ భవనానికి ఆయన పేరు పెట్టారు. అమెరికా నగరాలు రాసే కన్సాలిడేటెడ్ ప్లాన్లను ఆమోదించే శాఖ చాలా ఏళ్లు ఆ పేరున్న భవనం నుంచే నడిచింది.

మళ్లీ ఆ నోటీసు వస్తే డిలీట్ చేసే ముందు మూడు చోట్ల చూడండి. మీ ఏరియా గురించి అవసరాల పట్టికలో ఏం రాశారు? ఈ ఏడాది యాక్షన్ ప్లాన్‌లో డబ్బు ఏ వీధులకు వెళ్తోంది? నిరుడు చెప్పిన అంకెకు, నివేదికలో చూపిన అంకెకు తేడా ఎంత? తేడా కనిపిస్తే హియరింగ్‌కు వెళ్లి అడగొచ్చు. రాలేకపోతే గడువులోగా రాసి పంపినా చాలు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో సిటీ ప్లాన్‌లో రాసి తీరాలి.